దమ్ముతో నడిచే హీటెడ్ ఏరోసాల్ పరికరం: డ్రాయింగు ఒకటే, ఆర్‌టీడీ (దమ్ము లాగేటప్పుడు ఎదురయ్యే నిరోధం) మాత్రం 66 నుంచి 108 దాకా

#1 · సన్నసందు

ఈ-సిగరెట్ తరహా పరికరం, డిజైను ఇది. ద్రవం నింపిన కార్ట్రిడ్జ్, లోపల సిరామిక్ కోర్ (ద్రవాన్ని పీల్చుకుని వేడెక్కే ముక్క), పైన 3 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న చిమ్నీ. గాలి అడుగు నుంచి 1.0 మి.మీ. బెజ్జంలోంచి వస్తుంది, టాలరెన్స్ ±0.05. చుట్టూ తిప్పే రింగు ఉంది. తిప్పేకొద్దీ అదే సైజు బెజ్జాలు ఒకటి, రెండు, నాలుగు తెరుచుకుంటాయి. ప్రెషర్ సెన్సర్ అడుగున ఉంది. బెజ్జం దాటాక ఉండే గదిలోకి 0.5 మి.మీ. కన్నంతో కలిపాం. 300 పాస్కల్స్ పీల్పు తగిలితే హీటర్ ఆన్ అవ్వాలి.

ఇబ్బందులు మూడు. ఒక బెజ్జమే తెరిచి, 17.5 మి.లీ./సె. దగ్గర కొలిస్తే 92 మి.మీ. నీటి ఒత్తిడి రావాల్సింది 66 నుంచి 108 దాకా వస్తోంది. రెండోది, కొత్తలో బాగా ఉన్న పీసులు వాడేకొద్దీ దమ్ముకు స్పందించడం మానేస్తున్నాయి. రింగు విప్పితే కొత్తవి కూడా మొరాయిస్తాయి. మూడోది, రింగు రెండు బెజ్జాల నుంచి నాలుగుకి తిప్పితే పీల్చేవాళ్లకు తేడా దాదాపు తెలియడం లేదు. మూడింటికీ మూలం ఒకటేనా, వేర్వేరా?

#2 · నీటిస్తంభం

ముందు లెక్క వేసి చూద్దాం. ఆరిఫిస్‌కి (గాలి దూరే ఇలాంటి బెజ్జానికి) ఒత్తిడి తేడా = 0.5 × గాలి సాంద్రత × (ప్రవాహం ÷ (గుణకం × వైశాల్యం)) వర్గం. గుణకం (బెజ్జం వైశాల్యంలో గాలికి నిజంగా పనికొచ్చే వాటా) 0.65 అనుకుంటే 1.0 మి.మీ. బెజ్జం 17.5 మి.లీ./సె. దగ్గర దాదాపు 706 పాస్కల్స్ తింటుంది, అంటే 72 మి.మీ. నీరు. మీ 92లో మిగతా 20 కోర్, చిమ్నీలది.

వ్యాసానికి నాలుగో ఘాతం ఉంది కాబట్టి 0.95 అయితే బెజ్జం వాటా 88, 1.05 అయితే 59. కోర్ 20 కలిపితే 108, 79. అంటే మీ పై హద్దు 108 పూర్తిగా టాలరెన్స్ పనే, కొత్త దోషం వెతకక్కర్లేదు. కానీ 79 కిందకి దిగి 66 రావడానికి టాలరెన్స్ ఒక్కటే చాలదు, ఇంకెక్కడి నుంచో గాలి దొంగచాటుగా వస్తోంది.

అది తేల్చడానికి రెండు ప్రవాహాల దగ్గర కొలవండి: 17.5, 35. గాలి పోయే దారి బెజ్జం లాంటిదైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. సచ్ఛిద్రమైన, అంటే స్పంజిలా సన్న చిల్లులున్న ప్లగ్ లాంటిదైతే రెండింతలే. మధ్యలో ఎంత వచ్చిందో చూస్తే ఏ భాగం ఎంత తింటోందో విడదీయొచ్చు. ఒకే ప్రవాహం దగ్గర కొలిచిన ఆర్‌టీడీ పాస్ ఫెయిల్ చెప్పడానికే గానీ రోగం చెప్పడానికి పనికిరాదు.

#3 · పిన్‌గేజి

బెజ్జం అచ్చులో కోర్ పిన్నుతో (ప్లాస్టిక్ పోసేటప్పుడు బెజ్జం చోటు ఖాళీగా ఉంచే పిన్ను) వస్తోందా? అయితే వ్యాసం కన్నా అంచు మీదే నా అనుమానం. పదునైన అంచుకి గుణకం 0.65. పిన్ను మొదలు అరిగి అంచు 0.15 మి.మీ. గుండ్రమైందంటే గుణకం 0.8 దాటొచ్చు. అప్పుడు అదే 1.0 మి.మీ. బెజ్జం 72 బదులు 48 చూపిస్తుంది. పిన్ గేజి పెట్టి చూస్తే "సైజు కరెక్టే" అంటుంది, బెంచి మీద మాత్రం ఆర్‌టీడీ పడిపోతుంది. కాబట్టి డ్రాయింగులో వ్యాసంతోపాటు అంచు వ్యాసార్ధం కూడా రాయాలి. ఫ్లాష్ (అచ్చు సందులోంచి పొంగిన పల్చటి ప్లాస్టిక్) ఉందంటే ఇంకా తమాషా, అది ఒకసారి బెజ్జాన్ని మూస్తుంది, మరోసారి విరిగి కింద పడి సెన్సర్ కన్నంలో కూర్చుంటుంది.

నాలుగు 0.5 మి.మీ. బెజ్జాలు పెడితే సగటున సర్దుకుంటుందని కొందరంటారు. వైశాల్యం ఒకటేగానీ ±0.05 అనేది 0.5 మీద 10 శాతం, 1.0 మీద 5 శాతం. పిన్నులన్నీ ఒకే తీరుగా అరిగితే సర్దుబాటేమీ ఉండదు. లేజర్‌తో తొలిచిన స్టెయిన్‌లెస్ స్టీలు బిళ్లని అచ్చులోనే ఇన్సర్ట్‌గా పెట్టడం మేలు. బిళ్ల పల్చన కాబట్టి గుణకం కొత్తగా కొలవాలి, పాత బెజ్జం లెక్క దీనికి పెట్టకండి.

#4 · చల్లగాలి

66 సంగతికొస్తే కార్ట్రిడ్జ్ కూర్చునే చోట గ్యాస్కెట్ చూడండి. చుట్టూ ఒకచోట 8 మి.మీ. పొడవున 0.05 మి.మీ. సందు మిగిలితే 0.4 చదరపు మి.మీ. అంటే బెజ్జంలో సగం పైన. ఆ లెక్కన 72 కాస్తా 32కి పడిపోవాలి.

#5 · నీటిస్తంభం

చల్లగాలి గారూ, అంత పడదు. సన్న సందుకి ఆరిఫిస్ సూత్రం వర్తించదు. అక్కడ గాలి జిగటే రాజ్యం చేస్తుంది, ప్రవాహం సందు మందానికి ఘనంగా మారుతుంది. 8 మి.మీ. వెడల్పు, 0.05 మందం, గాలి దాటే దూరం 1 మి.మీ. అనుకుంటే 700 పాస్కల్స్ దగ్గర 3.2 మి.లీ./సె. పోతుంది. దాన్ని బెజ్జానికి సమాంతరంగా పెట్టి మళ్లీ లెక్కేస్తే బెజ్జం వాటా 72 నుంచి 54కి వస్తుంది. 1.05 బెజ్జంతో కలిసొస్తే 46. దానికి 20 కలిపితే 66. సన్నసందు గారి కింది అంకె సరిగ్గా అదే.

ఘనం అన్నది మరిచిపోవద్దు. సందు 0.05 నుంచి 0.1 అయితే జిగట లెక్క ఎనిమిదింతలంటుంది. నిజంగా అంత పోదు, మధ్యలో ఆరిఫిస్ తీరు అడ్డుపడుతుంది. అయినా పీసు పనికిరాకుండా పోవడానికి అది చాలు. గ్యాస్కెట్ నొక్కుడు కార్ట్రిడ్జ్ క్లిప్పు మీద ఆధారపడితే ప్రతి పీసూ ఒక్కో కథ చెబుతుంది. నొక్కుడుని గట్టి ఆనింపుతో నిర్ణయించండి, సిలికాన్ పెదవి 0.2–0.3 మి.మీ. నలిగేలా.

కారుడు పట్టుకునే తేలిక పద్ధతి: లోపలికి వచ్చే బెజ్జాలన్నీ టేపుతో మూసి, మౌత్‌పీసు వైపు 700 పాస్కల్స్ పీల్పు నిలబెట్టి ఎంత ప్రవాహం వస్తోందో చూడటం. ఆర్‌టీడీ పాసైన పీసు కూడా ఇందులో దొరికిపోవచ్చు. చిన్న బెజ్జం, పెద్ద కారుడు ఒకదాన్నొకటి కప్పేసుకుని 92 చూపించే పీసులు ఉంటాయి. వాటిలో గాలి వెళ్లాల్సిన చోటికి వెళ్లదు.

#6 · సన్నసందు

బెజ్జం అచ్చులోదే. అంచు కొలత డ్రాయింగులో లేదు. గ్యాస్కెట్ నొక్కుడు క్లిప్పు మీదే ఆధారపడింది. మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్టే. సెన్సర్ సంగతి?

#7 · పొగమంచు

మీ 0.5 మి.మీ. కన్నమే దోషి. చిమ్నీలోంచి కిందకి జారిన కండెన్సేట్ (చల్లబడి మళ్లీ ద్రవమైన ఆవిరి) ఆ కన్నానికి అడ్డంగా పొరలా నిలబడుతుంది. ప్రొపిలిన్ గ్లైకాల్, గ్లిజరిన్ మిశ్రమానికి తలతన్యత మీటరుకు దాదాపు 0.045 న్యూటన్లు. పొరని చీల్చడానికి కావాల్సిన ఒత్తిడి = 4 × తలతన్యత ÷ వ్యాసం. 0.5 మి.మీ.కి ఇది 360 పాస్కల్స్. మీ ట్రిగ్గర్ 300. అంటే పీల్పు 300కి చేరినా పొర పగలదు, సెన్సర్‌కి కబురు అందదు. పీల్చేవాళ్లు మరింత గట్టిగా లాగితే ఒక్కసారిగా పగిలి ఆన్ అవుతుంది. "మొదటి దమ్ము పోతోంది, రెండోది వస్తోంది" అనే ఫిర్యాదు వచ్చిందంటే ఇదే.

కన్నం 1.5 మి.మీ. చేస్తే పొర 120 పాస్కల్స్‌కే పోతుంది. దాన్ని అడుగున కాకుండా గది పక్క గోడకి, నేల నుంచి ఒకటి రెండు మి.మీ. ఎత్తున పెట్టండి. నేల మీద పీల్చుకునే ప్యాడ్ వేయండి.

#8 · గుడ్డిగొట్టం

కన్నం పెద్దది చేయడం సగం మందే. సెన్సర్ ముందున్న మూసిన గాలి ఎంత అన్నది కూడా చూడాలి. ఆ గాలి 100 ఘన మి.మీ. ఉంటే 300 పాస్కల్స్ కబురు చేరడానికి పొర 0.3 ఘన మి.మీ. కదలాలి. 0.5 మి.మీ. కన్నంలో పొర అర్ధగోళంలా ఉబ్బినా 0.033 ఘన మి.మీ.కి మించదు. అదే మూసిన గాలిని 10 ఘన మి.మీ.కి కుదిస్తే 0.03 కదిలితే చాలు, పొర పగలకపోయినా దాని ఉబ్బే కబురు మోసుకెళుతుంది. సెన్సర్‌ని కన్నానికి అంటించినంత దగ్గరగా పెట్టమనేది అందుకే. పొడుగాటి గొట్టంతో దూరంగా పెట్టిన డిజైనులన్నీ ఇక్కడే దెబ్బతింటాయి.

ఇంకో ప్రమాదం రెండో వైపుది. రెండు వైపుల ఒత్తిడి తేడా కొలిచే సెన్సర్‌కి రెఫరెన్స్ వైపు బయటి గాలికి తెరిచి ఉండాలి. ఆ చిల్లు నూగుతోనో, అసెంబ్లీలో పడ్డ జిగురుతోనో మూసుకుపోతే లోపల గాలి బందీ అవుతుంది. బందీ గాలి 1 డిగ్రీ వేడెక్కితే ఒత్తిడి సుమారు 345 పాస్కల్స్ పెరుగుతుంది. సెన్సర్‌కి అది దమ్ములాగే కనిపిస్తుంది, ఎవరూ పీల్చకుండానే హీటర్ వెలుగుతుంది. ఒక్క డిగ్రీ! జేబులో పెట్టుకుంటే చాలు. ఎంత నమ్మకమైన సెన్సర్ అయినా సరే, ఒకే దమ్మును గరిష్ఠంగా ఇన్ని సెకన్లని ఫర్మ్‌వేర్‌లో కోసేయాల్సిందే.

#9 · చల్లగాలి

పూర్తి వాతావరణ ఒత్తిడిని కొలిచే సెన్సర్ వేస్తే రెఫరెన్స్ చిల్లు గొడవ ఉండదు కదా?

#10 · గుడ్డిగొట్టం

ఉండదు, వేరే గొడవ ఉంటుంది. ఎత్తు మీటరు మారితే ఒత్తిడి 12 పాస్కల్స్ మారుతుంది. సెకనుకు 3 మీటర్లు ఎక్కే లిఫ్టులో సెకనుకు 36. అందుకే స్థిరమైన హద్దు కాకుండా, వెంట కదిలే సున్నా గీత పెట్టి దాని నుంచి ఎంత వేగంగా పడిందో చూడాలి. దమ్ము మొదలవగానే 0.1 సెకనులోనే ఒత్తిడి దిగుతుంది, లిఫ్టులో అంత వేగం ఉండదు. దమ్ము నడుస్తున్నంతసేపూ సున్నా గీతని కదలకుండా ఆపాలి, లేకపోతే నెమ్మదిగా పీల్చేవాళ్లకి మధ్యలో ఆరిపోతుంది.

#11 · నీటిస్తంభం

సన్నసందు గారు రింగు గురించి అడిగింది సెన్సర్‌తోనే ముడిపడి ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. బెజ్జాలు 1, 2, 4 అయితే వాటి వాటా 72, 18, 4.5. కోర్ 20 కలిపితే 92, 38, 24.5. మొదటి అడుగులో 54 దిగి రెండో అడుగులో 13.5 దిగుతోంది, ఆ స్థాయిలో అది నోటికి తెలిసే తేడా కాదు. రింగు చివరి సగం అలంకారం.

అంతకన్నా ముఖ్యమైనది: సెన్సర్ కన్నం బెజ్జం దాటాక, కోర్ ముందు ఉంది. కాబట్టి దానికి కనిపించేది బెజ్జం తినే ఒత్తిడి మాత్రమే. ఒక బెజ్జం తెరిస్తే 300 పాస్కల్స్‌కి 11.4 మి.లీ./సె. చాలు. రెండు తెరిస్తే 23 కావాలి. నాలుగు తెరిస్తే 46. మామూలు దమ్ముకి అది అందని ద్రాక్షే. కొత్త పీసు కూడా మొరాయించడానికి కారణం ఇదే, కండెన్సేట్ కాదు.

#12 · సన్నసందు

మరి బెజ్జాలు ఎలా పంచాలి?

#13 · నీటిస్తంభం

వైశాల్యం సమంగా కాదు, పీల్పు సమంగా దిగేలా. మొత్తం 90, 70, 50, 30 కావాలంటే కోర్ 20 తీసేసి బెజ్జం వాటా 70, 50, 30, 10. వైశాల్యాలు వరుసగా 0.80, 0.94, 1.22, 2.11 చదరపు మి.మీ. అడుగు అడుగుకీ తేడా 0.14, 0.28, 0.89. అంటే రింగు చీలిక మొదట్లో సూదిమొనలా ఉండి చివరికి గంటలా విప్పారాలి. మొదటి రెండు అడుగుల మధ్య 0.14 చదరపు మి.మీ. మాత్రమే కాబట్టి రింగు ఆట (వదులు) 0.1 మి.మీ. ఉన్నా ఆ అడుగు మాయమైపోతుంది. ప్రతి మెట్టు దగ్గరా క్లిక్కు పెట్టండి.

పూర్తిగా విప్పినప్పుడు సెన్సర్‌కి మిగిలేది 98 పాస్కల్స్. కాబట్టి ట్రిగ్గర్ 60 పాస్కల్స్ దగ్గర, #10లో చెప్పిన కదిలే సున్నాతో. అప్పుడు #7 లెక్క మళ్లీ ముందుకొస్తుంది: 1.5 మి.మీ. కన్నంలో పొర 120 పాస్కల్స్ ఆపుతుంది, 60కి అదీ ఎక్కువే. కాబట్టి మూసిన గాలిని తగ్గించడం మీద మొగ్గు చూపాలి. అన్నీ ఒకదానికొకటి ముడి.

#14 · వేడిపలక

ద్రవం కాక, పొగాకు స్టిక్‌ని కాల్చకుండా వేడిచేసే వాటి మీద పనిచేసేవాళ్లకి ఒక హెచ్చరిక. ఐఎస్ఓ 6565 ప్రకారం 17.5 మి.లీ./సె. దగ్గర కొలిచేది చల్లటి స్టిక్. అంతకుముందు ఐఎస్ఓ 3402 ప్రకారం 22 డిగ్రీలు, 60 శాతం తేమలో కనీసం 48 గంటలు ఉంచాలి. ఆ అంకె పట్టుకుని వేడి మీద ఎలా ఉంటుందో ఊహించొద్దు.

గాలి 20 నుంచి 300 డిగ్రీలకి వెళితే ఘనపరిమాణం 1.96 రెట్లు, జిగట దాదాపు 1.6 రెట్లు. ప్లగ్ లాంటి సచ్ఛిద్ర భాగంలో ఈ రెండూ గుణించుకుంటాయి, అదే బరువు గాలికి ఒత్తిడి మూడింతలు దాటుతుంది. చల్లగా 30 చూపిన ప్లగ్ భాగం నిండా వేడెక్కితే 90 పైన. అదే బెజ్జమైతే వేగం పెరిగి సాంద్రత తగ్గి 1.96 రెట్లే. అందుకే పీల్పుని శాసించే ఇరుకు ఎప్పుడూ చల్లటి వైపు, గాలి లోపలికి వచ్చే చోట ఉండాలి. వేడి వైపున్న ఇరుకు మొదటి దమ్ముకి ఒకలా, ఆరో దమ్ముకి ఒకలా ఉంటుంది.

స్టిక్ చుట్టు కాగితానికి వెంటిలేషన్ చిల్లులుంటే లెక్క మళ్లీ మారుతుంది. వెంటిలేషన్ 60 శాతమైతే 17.5లో ప్లగ్ గుండా పోయేది 7 మి.లీ./సె. మాత్రమే. ఆ చిల్లులు పరికరం గూటి అంచు కిందకి వెళ్లినా, పెదవుల కిందకి వచ్చినా వేడి గాలి వాటా ఒక్కసారిగా పెరుగుతుంది. గూటి లోతు టాలరెన్స్ ఇక్కడ ఆర్‌టీడీ టాలరెన్స్ అన్నమాట.

#15 · చల్లగాలి

వెంటిలేషన్ చల్లబరచడానికేనా? గాలి మొత్తం హీటర్ మీదుగా పంపితే ఆవిరి ఎక్కువ వస్తుంది కదా.

#16 · వేడిపలక

రాదు, బ్యాటరీ ఖాళీ అవుతుంది. 17.5 మి.లీ./సె. గాలి బరువు సెకనుకు 0.021 గ్రాములు. దాన్ని 25 నుంచి 250 డిగ్రీలకి తేవడానికి 4.7 వాట్లు. ఒక దమ్ములో 3 సెకన్లకి 5 మి.గ్రా. ద్రవం ఆవిరి చేయడానికి, వేడెక్కించడంతో కలిపి 2.5 వాట్లకి అటూఇటూ. గాలికి పెట్టే ఖర్చు ద్రవానికి పెట్టేదానికి దాదాపు రెట్టింపు, పైగా ఆ వేడిని మళ్లీ చల్లార్చాలి. మూడో వంతు గాలి హీటర్ మీదుగా, మిగతాది పక్కదారిన వచ్చి పైన కలిస్తే సరిపోతుంది.

కలిసే చోటే ఏరోసాల్ పుడుతుంది. వేడి ఆవిరికి చల్లగాలి తగలగానే చిక్కబడి బొట్లవుతుంది. త్వరగా, బాగా కలిస్తే చిన్న బొట్లు ఎక్కువ. నెమ్మదిగా కలిస్తే బొట్లు పెద్దవై, గోడకి అంటేదీ ఎక్కువే. చల్లగాలిని గోడ వెంట జారనిస్తే ఆవిరి గోడని తాకకుండా తెరలా పనిచేస్తుంది, కండెన్సేట్ తగ్గుతుంది. ఎదురుగా గుచ్చితే మిశ్రమం బాగుంటుంది, గోడ తడుస్తుంది. రెండూ ఒకేసారి దొరకవు.

అలాగని హీటర్ మీద గాలిని మరీ తగ్గించొద్దు. గాలి తగ్గితే కాయిల్ చల్లబడదు, వత్తికి ద్రవం అందక ఎండితే గ్లిజరిన్ విచ్ఛిన్నమై అక్రోలీన్, ఫార్మాల్డిహైడ్ వస్తాయి. గాలి దారి మూసుకుపోతే పవర్ కోసే ఏర్పాటు లేని పరికరాన్ని నేనైతే డిజైను అనను.

#17 · పిన్‌గేజి

గాలి బ్యాటరీ, పీసీబీల మీదుగా పోకుండా గోడ కట్టడం కూడా ఇందులోనే చెప్పండి. టంకం వేసేటప్పుడు వాడిన ఫ్లక్స్ మిగులు, జిగురు వాసన, ప్లాస్టిక్ ఆవిరి అన్నీ అక్కడే. "సెన్సర్ అక్కడుంది కాబట్టి దారి అటే" అని తీసుకెళ్లిన డిజైనులు ఎక్కువ.

#18 · పొగమంచు

చిమ్నీలోంచి వేడి తుంపర నోట్లో పడే సమస్య గురించి: ఒక వంపు పెట్టండి. 3 మి.మీ. చిమ్నీలో వేగం దాదాపు 2.5 మీ./సె. అక్కడ అర మైక్రాన్ బొట్టుకి స్టోక్స్ సంఖ్య (బొట్టు గాలితో తిరగగలదా లేదా చెప్పే అంకె) 0.001, గాలితోపాటు హాయిగా తిరిగి వెళుతుంది. 20 మైక్రాన్ల తుంపరకి అదే సంఖ్య 2, తిరగలేక గోడకి కొట్టుకుంటుంది. అంటే వంపు తుంపరని పట్టుకుని ఏరోసాల్‌ని వదిలేస్తుంది. వంపు ఎదురు గోడకి పీల్చుకునే ప్యాడ్ ఉండాలి. లేకపోతే పట్టుకున్న తుంపరే కారి సెన్సర్ గదిలోకి వస్తుంది, మళ్లీ #7.

విమానంలో కారడం వేరే సంగతి. ట్యాంకులో అర మి.లీ. గాలి బుడగ ఉంటే, క్యాబిన్ ఒత్తిడి 101 నుంచి 75 కిలోపాస్కల్స్‌కి దిగినప్పుడు 0.67 మి.లీ. అవుతుంది. తేడా 0.17 మి.లీ. ద్రవం కోర్ గుండా గాలి దారిలోకి వస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే తక్కువ కారుతుంది, సగం ఖాళీదే ఎక్కువ కారుతుంది.

#19 · చల్లగాలి

17.5 దగ్గర కొలుస్తున్నాం సరే, అసలు దమ్ము ఎంత?

#20 · నీటిస్తంభం

ఐఎస్ఓ 20768లో 55 మి.లీ., 3 సెకన్లు, 30 సెకన్లకొకసారి, చదరపు ఆకారం, అంటే దమ్ము పొడుగునా ఒకే ప్రవాహం. అంటే 18.3 మి.లీ./సె., బెంచి అంకెకి దగ్గరే. అదే 55 మి.లీ.ని 2 సెకన్లలో గంట (బెల్) ఆకారంలో, అంటే పెరిగి తగ్గేలా లాగితే శిఖరం 43 దాటుతుంది. అక్కడ మీ 1.0 మి.మీ. బెజ్జం ఒక్కటే 430 మి.మీ. పైన అడుగుతుంది. గంట ఆకారంలో పీల్చేవాళ్లకి ఈ డిజైను 92లా అనిపించదు, గొంతు పట్టినట్టుంటుంది. సచ్ఛిద్ర ఇరుకు వేస్తే శిఖరం దగ్గర రెండున్నర రెట్లే పెరిగి మెత్తగా ఉంటుంది, కానీ దుమ్ముకి త్వరగా మూసుకుపోతుంది.

#21 · సన్నసందు

చివరిది. స్టీలు బిళ్ల వేస్తే ఈల వస్తుందా? బెజ్జంలో వేగం 20 మీటర్లు దాటుతోంది.

#22 · పిన్‌గేజి

రావచ్చు, కొన్ని కిలోహెర్ట్జ్‌లో, సన్నగా. పదునైన అంచు నుంచి వచ్చిన ధార ఎదురుగా ఇంకో పదునైన అంచుకి తగిలితే ఇంకా ఎక్కువ. బిళ్ల వెనక వైపు, అంటే గాలి బయటికి వచ్చే అంచుని విప్పారేలా చేయండి, ముందు వైపు పదును మాత్రం అలాగే ఉంచండి. ముందు అంచు ముట్టుకుంటే గుణకం మారి 92 మళ్లీ కదులుతుంది. ధార ఎదురుగా 3 మి.మీ. లోపల ఏ అంచూ రాకుండా చూడండి. రింగు చీలిక అంచు బిళ్ల ముందు సగం మూసినప్పుడే ఈల మొదలయ్యే పీసులూ ఉంటాయి, కాబట్టి ప్రతి క్లిక్కు దగ్గరా, రెండు క్లిక్కుల మధ్యా 43 మి.లీ./సె. దాకా లాగి వినండి.